గుర్రాల దాణాకిచ్చిన భూమి

ఈ వారం ఒక ఇంటి కథ చెప్తాను. పెద్దింటి కథ.

డిగ్రీ రెండో ఏడు చదివే ఒక అమ్మాయి మొన్న అడిగింది. "సార్, ఫ్రెంచి విప్లవం పాఠంల ప్రభువులు, వాళ్ల కోటలు, వాళ్ల వంశాలు అని పేజీలకు పేజీలుంది. మన దగ్గర అసొంటి వంశాలు లేకుండెనా?"

లేకుండుడేంది బిడ్డా. రోజూ వాళ్ల పేర్ల మీదనుంచే తిరుగుతున్నం. విమానం దిగే శంషాబాద్ శంస్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలసింది. పాత విమానాశ్రయం ఉన్న బేగంపేట, ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నిజాం బిడ్డ బషీరున్నిసా బేగంది. వికారాబాద్ ఇప్పుడు జిల్లా అయింది, అది వికార్-ఉల్-ఉమ్రాది. బషీర్‌బాగ్‌లో ప్యాలెస్ కట్టింది అస్మాన్ జా. మా నాగోల్ నుంచి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ దాటి మూసారాంబాగ్ దిక్కు పోతే గుట్ట మీద కనపడే అస్మాన్‌గఢ్ కూడా ఆయనదే. రెండు విమానాశ్రయాలు, ఒక జిల్లా, ఇన్ని బస్తీలు. అన్నీ ఒక్క ఇంటివి. పైగా వంశం.

మన పేరు మీద ఏమున్నయో కూడా లెక్క చూద్దాం. మాదిగవాడ, మాలపల్లె. ఈమధ్య మర్యాదగా ఎస్సీ కాలనీ. అంబేద్కర్ పేరు పెట్టుకున్న చోట తప్ప మనిషి పేరు ఒక్కటీ లేదు, కులం పేరే ఉంది.

తెలుగులో "పైగా" అంటే "అంతేకాక" అని. ఆ పైగాకూ ఈ పైగాకూ చుట్టరికం లేదు. ఇది ఫారసీ మాట. హోదా అనీ, గుర్రపుశాల అనీ రెండర్థాలు. ఈ కథంతా ఆ రెండర్థాల మధ్యనే నడుస్తుంది. గుర్రపుశాలతో మొదలై హోదాగా మారింది.

రెండో నిజాం, నిజాం అలీ ఖాన్ కాలంలో (1762-1803) అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ అనే సేనాని ఉండేవాడు. నిజాం ఒంటికి కాపలా కాసే గుర్రపు దండు ఈయన చేతిలో ఉండేది. దండును పోషించాలంటే ఖర్చు. జీతాలు, కత్తులు, జీన్లు, గుర్రాలకు దాణా. ఖజానా నుంచి నెలనెలా ఇచ్చే బదులు కొన్ని ఊళ్లు రాసిచ్చారు. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసుకో, దండును తయారుగా ఉంచు, పిలిస్తే రా. పైగా జాగీరు పునాది ఇదే. బహుమానం కాదు, దానం కాదు. కొలువు చేస్తున్నందుకు ఇచ్చిన భూమి.

ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

కొలువు ఎంతకాలం అవసరం పడింది? 1798, 1800 ఒప్పందాలతో నిజాం రక్షణ ఇంగ్లీషు కంపెనీ ఫౌజు చేతిలోకి పోయింది. ఇక నిజాం దండుకు యుద్ధం చేసే పని తగ్గింది, ఊరేగింపుల పని పెరిగింది. న్యాయంగా చూస్తే దాణా ఖర్చు తగ్గినప్పుడు ఊళ్లు కూడా వెనక్కి పోవాలి. పోలేదు. పెరిగినయి. మూడు శాఖలుగా చీలిన తర్వాత అస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికార్-ఉల్-ఉమ్రాహీ పైగాలు మూడూ కలిపి దాదాపు 4 వేల చదరపు మైళ్లు. ఇవాళ్టి గోవా రాష్ట్రం లాంటివి రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. వాటికి సొంత తహసీళ్లు, సొంత పోలీసులు, సొంత కోర్టులు.

ఎట్లా పెరిగింది? పెళ్లిళ్లతో. తేగ్ జంగ్ కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్‌కు నిజాం తన బిడ్డనిచ్చాడు. ఆ తర్వాత తరాలలో కూడా నిజాం ఇంటికీ ఈ ఇంటికీ వియ్యం నడిచింది. దర్బారులో నిజాం తర్వాత కుర్చీ వీళ్లదే. 1869లో మూడేళ్లు కూడా నిండని మహబూబ్ అలీ ఖాన్‌ను గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు, సాలార్ జంగ్‌తో కలిసి రాజ్యం నడిపింది ముందు ఈ ఇంటి అన్న, ఆయన పోయినంక తమ్ముడు రషీదుద్దీన్ ఖాన్, 1881 దాకా. తర్వాత 1887 నుంచి 1901 వరకు పద్నాలుగేళ్లు దివాన్‌గిరీ కూడా వీళ్లదే. ముందు అస్మాన్ జా, ఆ వెనుక వికార్-ఉల్-ఉమ్రా.

ఫలక్‌నుమా కట్టింది ఈ వికార్-ఉల్-ఉమ్రాయే. 1884 మార్చి 3న పునాది. దాదాపు పదేళ్ల పని. 40 లక్షలయిందని చెప్తారు. అప్పటి 40 లక్షలు. కట్టిన మనిషే అప్పుల్లో మునిగి, 1897 ప్రాంతంలో ప్యాలెస్ నిజాం చేతికి పోయింది. ఈ ముచ్చట గైడ్లు చాలా రసవత్తరంగా చెప్తారు. పాపం నవాబు, ప్రేమగా కట్టుకున్న ఇల్లు వదులుకున్నాడు అని. ఆ 40 లక్షలు ఏ ఊళ్ల శిస్తు అని అడిగిన గైడును నేను ఇంతవరకు చూడలేదు.

2017 నవంబరు 28 మీలో చాలామందికి యాది ఉంటుంది. మధ్యాహ్నం మియాపూర్‌లో ప్రధాని మెట్రో ప్రారంభించాడు. తెల్లారి మా నాగోల్ స్టేషన్‌లో మొదటి టికెట్ల కోసం లైను. ఆ మధ్య రాత్రి ఫలక్‌నుమాలో, నూటొక్కమంది కూర్చునే బల్ల మీద, అమెరికా అధ్యక్షుని బిడ్డ ఇవాంకాకు విందు. ఒక్క ఇరవై నాలుగు గంటలలో నగరం తన కొత్తనూ పాతనూ రెంటినీ ప్రపంచానికి చూపించుకుంది. ఆ వారం పేపర్లలో ఆ బల్ల పొడుగు మీద వచ్చినన్ని వార్తలు, దాని మీద వడ్డించిన రాజ్యం మీద రాలేదు.

ఒక పక్క ముచ్చట. అస్మాన్‌గఢ్ దగ్గరనే ఒక ఫ్రెంచివాని సమాధి ఉంది. మిషెల్ జోకిమ్ మరీ రేమండ్. 1755లో గాస్కనీలో ఒక వ్యాపారి ఇంట్లో పుట్టాడు. బతుకుదెరువుకు ఇక్కడికొచ్చి అదే నిజాం అలీ ఖాన్ దగ్గర చేరి, పదివేల మందికి పైగా ఫౌజు తయారుచేశాడు. గన్‌ఫౌండ్రీ ఆయన ఫిరంగులు పోసిన చోటు. జనం ఆయన్ని మూసా రాం అన్నారు, మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ అట్లా వచ్చిందే. 1798 మార్చిలో చచ్చిపోయాడు. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషోళ్లు ఆయన ఫౌజును చుట్టుముట్టి ఆయుధాలు గుంజుకున్నారు. పని అయిపోయింది, దండు అయిపోయింది. ఆయన పేరుతో ఇక్కడ వంశం నిలవలేదు, జాగీరు నిలవలేదు. గుట్ట మీద ఒక రాతి స్తంభం నిలిచింది.

ఒకే నిజాం, ఒకే కాలం, ఇద్దరూ సేనానులే. ఒకరికి కొలువుతో పాటే అంతా పోయింది. ఇంకొకరికి కొలువు పోయినా భూమి మిగిలింది. తేడా కత్తిలో లేదు. అల్లుడు కావడంలో ఉంది.

ఇక కిందికి దిగుదాం.

మా ముత్తాతది జాగీరు ఊరు. ఎవరి జాగీరో ఇక్కడ చెప్పను, చెప్తే తగాదా దాని మీదికి పోతుంది. ఆయన ఎట్టి మాదిగ. ఊళ్లోకి అధికారి వస్తే గుడారం మోయాలి. డప్పు కొట్టి చాటింపు వెయ్యాలి. మోటబొక్కెన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చావుకబురు పొరుగూరికి చేర్చాలి. గుర్రం మీద వచ్చిన సిపాయికి గడ్డి కోసుకురావాలి. చూడండి, గుర్రాల దాణా ఇక్కడికి వచ్చి చేరింది. నవాబుకు దాణా కోసం ఊరిచ్చారు, ఆ దాణా కోసింది మా ముత్తాత. ఈ చాకిరీ అంతటికీ ఆయనకు ఎకరంన్నర ఇనాం. నెర్రెలిచ్చిన చౌడు నేల, అయినా నేలే.

అది కూడా కొలువు భూమే. నేను చెప్పదలచింది ఇక్కడే ఉంది. నిజాం తన సేనానికి ఇచ్చిందీ, ఊరు తన మాదిగకు ఇచ్చిందీ చట్టం కంట్లో ఒకే జాతి పంట. పని చెయ్యి, భూమి తిను. నీరడికి, సేత్‌సింధికి, బలోతాదారుకు, పైగా నవాబుకు ఒకటే షరతు. నవాబు పని పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే సన్నగిల్లింది, భూమి నాలుగు వేల చదరపు మైళ్లయింది. మా ముత్తాత పని ఇరవయ్యో శతాబ్దం సగందాకా రోజూ నడిచింది, భూమి మాత్రం ఏదో ఒక ఏడు పట్వారీ కలం కింద జారి ఇంకొకరి పేరు మీదికి పోయింది. అక్కడ కొలువు పోయి భూమి ఉంది. ఇక్కడ భూమి పోయి కొలువు ఉంది.

ఈ మాట అన్నప్పుడల్లా ఇద్దరు లేస్తారు. ఒకరు కాషాయం కప్పుకొని, "చూశారా, తురకల పాలన" అంటారు. అన్నా, కూసో. ఇది మతం కథ కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు ఎవరివి? విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఎవరు? మహారాజా కిషన్ పర్షాద్ జాగీరు ఎవరిది? మా ముత్తాత భూమి రాసుకున్న కలం ఫారసీలో దువా చదవలేదు, తెలుగులో శ్రీరామ చుట్టింది. నవాబు పాతబస్తీ దేవిడీలో ఉన్నాడు, మా వాడ ఆయన ఎన్నడూ చూడలేదు. వాడను రోజూ చూసింది, తొక్కింది, మధ్యలో ఉన్నోళ్లు. నవాబు పోయినా ఆ మధ్యోళ్లు పోలేదు. ఇవాళ కోటలు తవ్వి మజీదులు వెతికేవాళ్లలో వాళ్ల మనుమలే ఎక్కువ.

రెండో మనిషి ఇంకా మర్యాదస్తుడు. కెమెరా మెడలో వేసుకొని వస్తాడు. "సార్, ఆ సమాధుల నగిషీ చూశారా?" చూశాను. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో, 1787లో మొదలుపెట్టి తరతరాలుగా కట్టుకున్న పైగా సమాధులు. గచ్చుతో చేసిన ఆ జాలీలు, ఒకదానిలాగా ఇంకొకటి ఉండదు. నిజంగానే కన్ను తిప్పుకోలేం. ఈమధ్య ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు అమెరికా రాయబార నిధితో మరమ్మతు చేశారు, మంచిదే చేశారు. కూలగొట్టాలని నేనెందుకంటాను? గచ్చు నూరిందీ సున్నం కాల్చిందీ చెయ్యి తిరిగిన కూలోళ్లే కదా. నా పంచాయితీ బోర్డుతో. బోర్డు మీద సమాధిలో ఉన్నోళ్ల పేర్లున్నయి, కట్టినోళ్ల పేర్లు లేవు, కట్టించిన డబ్బు ఎక్కడిదో లేదు.

వాళ్ల మంచి కూడా చెప్పాలి. ఫక్రుద్దీన్ ఖాన్ చదువు మీద మోజున్న మనిషి. 1830లలోనే బడి పెట్టాడు, అచ్చుకూటం పెట్టాడు, యూరపు సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి తెప్పించి అచ్చేయించాడు. మన దేశంలో అంత తొందరగా ఈ పని చేసినవాళ్లు తక్కువ. ఇక అదే హైదరాబాద్‌లో మాల మాదిగ పిల్లలకు ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బళ్లు తెరిచింది ఎవరు, ఎప్పుడు? భాగ్యరెడ్డి వర్మ, 1910లో. మధ్యలో డెబ్బై అయిదేళ్లు. ఆయనకు జాగీరు లేదు. చిన్నప్పుడు ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి ఎదిగిన మనిషి.

ఇప్పుడు ఫ్రాన్స్‌కు పోదాం, ఆ అమ్మాయి అడిగింది కదా. 1789 ఆగస్టు 4 రాత్రి పారిస్ పక్కన వెర్సైలో ప్రభువులు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ హక్కులు వదులుకుంటున్నామన్నారు. పాఠంలో ఇంతవరకే ఉంటుంది. అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. చాలా హక్కులను రైతు డబ్బు కట్టి విడిపించుకోవాలన్నారు. రైతులు ఒప్పుకోలేదు. కోటల మీద పడ్డారు, దస్తావేజులు కాల్చారు. చివరికి 1793 జూలై 17న పరిహారం లేకుండా రద్దు చేసి, ప్రభువుల హక్కుల పత్రాలు తగలబెట్టమని చట్టమే చెప్పింది. కాగితం కాలితే గానీ పెత్తనం పోదని వాళ్లకు అర్థమైంది.

అయితే అక్కడా కథ ఆగలేదు. రాజులు తిరిగొచ్చారు. 1825లో పదో చార్లెస్, విప్లవంలో భూములు పోయిన ప్రభువులకు దాదాపు వంద కోట్ల ఫ్రాంకుల పరిహారం ఇచ్చే చట్టం తెచ్చాడు. అదే ఏడు, అదే రాజు, హైతీ మీదికి యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. ఎందుకు? బానిసలు తమను తాము విడిపించుకున్నందుకు, వాళ్లను పోగొట్టుకున్న యజమానులకు నష్టం అట. ఒక చేత్తో ప్రభువులకు ఇచ్చుడు, ఇంకో చేత్తో బానిసల దగ్గర గుంజుడు. ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూపించే పాఠం నేను చదువుకునేటప్పుడు లేదు.

మన దగ్గర రద్దు 1949 ఆగస్టు 15న. హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్. రాజ్యంలో దాదాపు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది, అంతా దివానీలో కలిసింది. పెద్ద మార్పే, కాదనను. కానీ మనం 1793 దగ్గర మొదలుపెట్టలేదు, 1825 దగ్గర మొదలుపెట్టాం. జాగీర్దారుకు పరిహారం లెక్కకట్టారు, కిస్తీలుగా ఇచ్చారు. సొంత సాగు అని చూపించుకున్న భూమి ఆయనకే వదిలారు. తరతరాలుగా వెట్టి చేసినందుకు పరిహారం అనే మాట ఏ రెగ్యులేషన్‌లో, ఏ సెక్షన్‌లో ఉందో చూపించండి. గుర్రాలు లేని దండుకు పరిహారం వచ్చింది. గడ్డి కోసినోనికి రాలేదు.

జాగీరు పోయాక పైగా ఇంటి చరిత్ర కోర్టులకు మారింది. 1958లో ఖుర్షీద్ జా పైగా వారసుల మధ్య పంపకాల దావా హైకోర్టులో పడింది. సి.ఎస్. 14 ఆఫ్ 1958 అంటే హైదరాబాద్ వకీళ్లందరికీ తెలుసు. హఫీజ్‌పేట, హైదర్‌నగర్ లాంటి చోట్ల ఎకరం కోట్లు పలికే భూములు దాని వెంట తిరుగుతున్నయి. ఆ దావా కడుపులోంచి పుట్టిన హైదర్‌నగర్ తగాదా మీద 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరవై అయిదేళ్లు. వారసులు, వాళ్ల దగ్గర కొన్నోళ్లు, కొన్నోళ్ల దగ్గర కొన్నోళ్లు, కంపెనీలు.

ఇంత నడవాలంటే ఒకటి కావాలి. వంశవృక్షం. ఎవరికి ఎవరు కొడుకు, ఏ బేగంకు ఏ బిడ్డ, ఎవరు ఎప్పుడు పోయారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినోన్ని, వంశాల గురించి కొంచెం తెలుసు. ప్రబంధాల అవతారికలన్నీ వంశావళులే. పెద్దన మనుచరిత్రలో కృష్ణరాయలి వంశం చంద్రుని దగ్గర మొదలై తుర్వసుని మీదుగా వస్తుంది. పైగా నవాబులు తమ మూలం బాబా ఫరీద్ మీదుగా ఖలీఫా ఉమర్ దాకా ఉందని చెప్పుకున్నారు. ఒకరు చంద్రుని దాకా, ఒకరు ఖలీఫా దాకా. భూమి దొరికినంక తాతలు దొరుకుతారు. కవికి అగ్రహారం, మున్షీకి ఇనాం ఇచ్చుకుంటే చాలు.

మరి మనకు వంశావళి లేదా? ఉంది. ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పరు. డక్కలోళ్లు మాదిగవాడకు వచ్చి, పటం వేసి, జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టిన జాంబవంతుని దగ్గర మొదలుపెట్టి మాదిగల గోత్రాలు, బెడగులు చదివేవాళ్లు. ఏ ఇంటికి ఏ గోత్రమో నోటికి ఉండేది. దానికి వాళ్లకు మాదిగల మీద మిరాశీ హక్కు. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య ఆ బిరాదరీ మనిషే. మనకు కూడా కైఫీయతు ఉండేది, అది నోట్లో ఉండేది. ఆ చెప్పినోన్ని మనం ఇంట్లోకి రానియ్యలేదు, వాడ బయట నిలబెట్టి పెట్టినం. మెట్ల కింద మెట్టు మన కింద కూడా ఉంది, ఇది దాచుకుంటే లాభం లేదు.

కానీ పైగా మున్షీ రాసిన కాగితం కోర్టులో ఎగ్జిబిట్ అవుతుంది. డక్కలాయన చదివిన వంశం కోర్టు గడప తొక్కదు. ఏ దావాలోనైనా పాత ఇనాం మాదే అని మన ముసలాయన బోనెక్కి చెప్తే మొదటి ప్రశ్న, "కాగితం ఉందా?" కాగితం ఎవరి చేతిలో ఉండెనో ఆ ప్రశ్న అడిగేవాళ్లకు తెలుసు.

భాగ్యరెడ్డి వర్మ ఈ ఆట గ్రహించాడనుకుంటాను. 1917 బెజవాడ సభ పంచమ సభగా మొదలై ఆది ఆంధ్ర సభ అయింది. ఇక్కడ ఆది హిందూ అన్నాడు. "ఆది" అనే ఆ రెండక్షరాలు ఒక అవతారిక. ఏ ఒక్క ఇంటికో చంద్రుణ్ని తాతను చేసే పని కాదు, పంచములని పిలిపించుకున్న జనమందరినీ ఈ నేలకు మొదటి పట్టాదారులుగా రాయడం. పీహెచ్‌డీలో నా గైడ్ ఆ మాటను "ఆత్మగౌరవ నినాదం" అని ఒక లైన్లో తేల్చేయమన్నాడు. అది భూమి దావా అని నా అభిప్రాయం, ఇప్పటికీ.

ఇక పని ముచ్చట. సెలవులకు ఊరికి పోతున్నవాళ్లు తహసీల్ ఆఫీసుకు పోయి 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడగండి. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ధరణి పోయి భూభారతి వచ్చిందని, పాత రికార్డు లేదని అంటారు. ఉంటుంది. పట్టాదారు పేరొక్కటే చూసి తిరిగి రావద్దు. భూమి ఏ రకందని రాశారో, కాస్తులో ఎవరున్నారని రాశారో చూడండి. ఇనాం, బలోతా, నీరడి, సేత్‌సింధి అనే మాటలు కనపడ్డ ప్రతి సర్వే నంబరూ రాసుకోండి. ఆ తర్వాతి పహాణీలలో ఆ నంబరు ఏ ఏడు ఎవరి పేరు మీదికి మారిందో వరుసగా రాయండి. ఇంట్లో ముసలోళ్లుంటే ఆ పేర్లు చదివి వినిపించండి, వాళ్లు చెప్పింది రికార్డు చేయండి. మా ఊరిది నేను మొదలుపెట్టాను, పదకొండు నంబర్లు దొరికినయి. వచ్చే వారం వాటితో కూర్చుందాం.